నెత్తురు తీసిన చోటే సూది కూడా వెయ్యాలె

(వాడల్లో పనిచేసే మహిళా కార్యకర్తల సభలో మేం చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో కూలి రేట్ల గురించి మాట్లాడుకుంటాం. భూమి గురించి, శ్మశానానికి దారి గురించి మాట్లాడుకుంటాం. ఇయ్యాల మేం శ్మశానం దాకా కూడా పోని చావుల గురించి మాట్లాడదలచినం. పేరు పెట్టకముందే, ఏడుపు ఇనబడకముందే పోయిన బిడ్డలు. పాతచీర ముక్కలో చుట్టి ఇంటెనక పూడ్చిపెట్టిన బిడ్డలు.

పొద్దున ఇదే పందిట్లో "ఎవరికైనా బిడ్డ కడుపులోనే పోయిందా?" అని అడిగినం. ఒక్క చెయ్యి లేవలేదు. మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి మా పక్కన కూసున్నరు. ఒకామె ఏడో నెల అన్నది. ఒకామె రెండుసార్లు అన్నది. ఒక అవ్వ ముప్పయ్యేండ్ల కిందటి బిడ్డను నిన్న పోయినట్టు చెప్పింది. నలుగురిలో చెయ్యెత్తలేనోళ్లు చెప్పుకోవడానికి మాత్రం ఎన్నేండ్ల నుంచో ఎదురుచూస్తున్నరు.

బిడ్డలు పోవడానికి కారణం ఒక్కటే కాదు. నెత్తురు తక్కువ, బీపీ, షుగరు, నాట్లల్ల తొమ్మిదో నెలదాకా నడుం వంచడం, టైముకు బండి దొరకకపోవడం, ఇట్ల ఎన్నో. వాటన్నిటి గురించీ మాట్లాడాలె. కాని ఇందులో ఒక కారణం ఉంది. దాన్ని కనిపెట్టడానికి ఒక్క బొట్టు నెత్తురు చాలు. దాన్ని ఆపడానికి వైద్యులకు డెబ్బై ఏండ్లకు పైగా తెలిసిన ఒక సూది చాలు. అయినా దాని పేరు పైకి చెప్పరు. ఆ పేరే సిఫిలిస్. మన పెద్దలు సవాయి అన్నరు. కొరుకు అన్నరు. చదువుకున్నోళ్లు సుఖరోగం అన్నరు.

సుఖరోగమట! ఎవరికి సుఖం, ఎవరికి రోగం? మొగుడు తెచ్చిచ్చిన జబ్బుతో, కడుపులో బిడ్డ పోయి, అత్త చేత మాటలు పడే ఆడదానికి అందులో సుఖం ఏ మూలన ఉన్నది? పేరులోనే తీర్పు చెప్పినోళ్లు పరీక్ష ఎట్ల చేస్తరు, మందు ఎట్ల ఇస్తరు? కాబట్టి మనం ముందు ఆ పేరు వదిలేద్దాం. ఇది ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు. ఆ క్రిమిని 1905లో జర్మనీలో ఇద్దరు శాస్త్రవేత్తలు, షౌడిన్, హాఫ్‌మన్, సూక్ష్మదర్శినిలో చూసిండ్రు. స్క్రూ మర లెక్క మెలితిరిగి ఉంటుంది. దానికి కులం తెలియదు. గుణం తెలియదు.

జబ్బు ఎట్ల దాక్కుంటుంది

ఇది లైంగిక సంబంధంతో సోకుతుంది. మొదట ఒక పుండు లేస్తుంది. దానికి నొప్పి ఉండదు. ఆడవాళ్లకు లోపలివైపు వస్తే కనబడనే కనబడదు. కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. మానింది కదా అని మరిచిపోతం. కొన్నాళ్లకు ఒంటిమీద, అరచేతుల్లో, అరికాళ్లల్లో దద్దుర్లు లేస్తయి. అవీ పోతయి. ఆ తర్వాత బయటికి ఏమీ ఉండదు. మనిషి బాగనే ఉంటుంది, పనికి పోతుంది, పాటలు పాడుతుంది. క్రిమి మాత్రం నెత్తుట్లో ఏండ్లకేండ్లు కూసుంటుంది.

ఆ మనిషి నీళ్లోసుకున్నదనుకోండి. క్రిమి మావి దాటి బిడ్డకు పోతుంది. మందు పడకపోతే సగానికి పైగా కాన్పులు ఏదో ఒక తీరుగ చెడతయి. కడుపు పోవడం, సచ్చి పుట్టడం, నెల నిండక పుట్టడం, బరువు లేక పుట్టడం, పుట్టిన కొద్దిరోజులకే పోవడం. కొందరు బిడ్డలు అరచేతులు, అరికాళ్లు తోలూడి పుడతరు. ముక్కులు కారుతయి, కాలేయం వాచి కడుపు ఉబ్బుతుంది. కొందరు చెయ్యో కాలో నొప్పికి కదిలించరు. కొందరు పుట్టినప్పుడు నున్నగ, చక్కగ ఉండి, తర్వాత చూపు, వినికిడి పోగొట్టుకుంటరు. ముట్టుకుంటే తెలిసేది కాదు, చూస్తే తెలిసేది కాదు. పరీక్ష ఒక్కటే దారి.

ఇది పాతకాలపు జబ్బు, ఇప్పుడెక్కడుంది అంటరు కొందరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వినండి. 2016 ఒక్క సంవత్సరంలో తల్లి నుంచి బిడ్డకు సిఫిలిస్ సోకిన కేసులు ప్రపంచం మొత్తమ్మీద 6,61,000. అందులో 1,43,000 మంది కడుపులోనే పోయినోళ్లు, సచ్చి పుట్టినోళ్లు. 61,000 మంది పుట్టి నెల తిరగకుండా పోయినోళ్లు. ఇంత చావుకు మందు లేదా అంటే ఉంది. అదీ పేద మందు, పాత మందు.

మేం చూసింది

మా వాడ కోడలు ఒకామె. పేరు చెప్పం. మొదటి కాన్పు ఏడో నెలలో సచ్చిన బిడ్డ. అత్త దిష్టి అన్నది. రెండో బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టి మూడో రోజు పోయింది. పసిదాని అరచేతుల తోలు ఊడొచ్చింది. గాలి సోకింది అన్నరు. కోడిని కోసిండ్రు, తాయెత్తు కట్టిండ్రు. మూడోసారి నీళ్లోసుకున్నప్పుడు దవాఖానకు తీసుకపోయినం. ఐదో నెల. చేతికి సూది గుచ్చి సీసాలో నెత్తురు తీసిండ్రు. "పెద్ద దవాఖానకు పంపుతం, వారం తర్వాత వచ్చి కాగితం తీసుకోండి" అన్నరు.

వారం అంటే దవాఖానలో ఏడు రోజులు. మనకు ఏడు కూళ్లు. నాలుగో రోజు మేస్త్రీ వచ్చిండు. అడ్వాన్సు తీసుకున్న పైసలున్నయి. మొగుడూ పెండ్లాం ఇటుకబట్టీకి ఎల్లిపోయిండ్రు. కాగితం వచ్చింది. రిజిస్టర్లో ఆమె పేరు పక్కన రియాక్టివ్ అని నీలం సిరాతో రాసిండ్రు. రాసి, రిజిస్టరు మూసిండ్రు. ఎవరూ వెతకలేదు, ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఎనిమిదో నెలలో ఆమె తిరిగొచ్చింది. బిడ్డ సచ్చి పుట్టింది. కారణం మూడు నెలల నుంచి రిజిస్టర్లో రాసి ఉంది!

ఆ రిజిస్టరు చూసిన రోజు మాకు ఒక సంగతి అర్థమైంది. పరీక్ష చేసినం అని వాళ్లు లెక్క చూపించుకుంటరు. లెక్కలో ఆమె ఉంది. కాని నెత్తురు ఒకచోట తీసి, పరీక్ష ఇంకోచోట చేసి, ఫలితం మరోనాడు చెప్పి, సూదికి మరో ఊరు పొమ్మంటే అది పరీక్ష కాదు. బస్సు కిరాయి, కూలి, మొగుడి అనుమతి, మేస్త్రీ బాకీ అన్నీ ఆ మధ్యలో నిలబడి ఉంటయి. ఒక్కో మెట్టు దగ్గర కొంతమంది జారిపోతరు. జారేది ఎవరు? కారున్నోళ్లు జారరు. ఊరి చివర వాడలో ఉన్నోళ్లు జారుతరు.

బొట్టు నెత్తురు, ఇరవై నిమిషాలు

వెనుకటికి దీనికి ఒక సాకు ఉండేది. వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ అనే పరీక్షలకు ల్యాబు కావాలె, కరెంటు కావాలె, నెత్తురు తిప్పే మిషను కావాలె, మందులకు ఫ్రిజ్ కావాలె, చదువుకున్న టెక్నీషియన్ కావాలె. పల్లె దవాఖానలో ఇవి ఎక్కడివి? ఇప్పుడా సాకు చెల్లదు. వేలికొన గుచ్చి ఒక్క బొట్టు పట్టీమీద వేస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో గీత కనబడుతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నేర్పితే మన నర్సమ్మ చెట్టు కింద కూసొని చెయ్యగలదు. ఆ పట్టీ ధర ప్రపంచ బజార్లో ఒక డాలరుకు అటూ ఇటూ. ఒకే బొట్టుతో హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ చూసే పట్టీలు కూడా వచ్చినయి. గర్భిణులకు మొదటి పరీక్షగా వాటిని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఈ పట్టీకి ఒక గుణముంది, తెలుసుకోవాలె. ఒకసారి జబ్బు వచ్చి మందు పడి నయమైనా, చాలామందికి జన్మంతా గీత కనబడుతుంది. కాబట్టి గీత కనబడితే వెనుకటి మందు కాగితం చూపాలె, ఆర్‌పీఆర్ పరీక్ష కూడా చేయించాలె. కాని ఆ రెండో పరీక్ష వచ్చేదాకా మొదటి సూది ఆపొద్దు. కడుపుతో ఉన్న మనిషికి మళ్లీ మళ్లీ వచ్చే అవకాశం ఉండదు. అవసరం లేని సూది ఒకటి పడితే పిర్ర నొస్తుంది. అవసరమైన సూది పడకపోతే బిడ్డ పోతుంది. ఏది నయం?

మందు సంగతి. 1943లో అమెరికాలో మహొనీ అనే డాక్టరు పెన్సిలిన్‌తో సిఫిలిస్ నయమవుతుందని చూపిండు. ఇప్పుడు వాడేది బెంజాథిన్ పెన్సిలిన్. 24 లక్షల యూనిట్లు, కండకు సూది. జబ్బు కొత్తదైతే ఒక్కసారి చాలు. ఎప్పటిదో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. ఇంకో మందు గోలీలు ఇస్తం అంటే ఒప్పుకోవద్దు. ఎరిత్రోమైసిన్ లాంటివి బిడ్డ దాకా సరిగ్గ చేరవు. తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ కాపాడేది పెన్సిలినే.

ఇది పుస్తకంలో మాట కాదు. ఆఫ్రికాలో టాంజానియా దేశం, మ్వాంజా ప్రాంతం. మనలాగే పేద తల్లులు. అక్కడి అధ్యయనం 2002లో అచ్చయింది. మందు పడని తల్లుల్లో, జబ్బు జోరుగా ఉన్నోళ్లకు నలుగురిలో ఒకరికి బిడ్డ సచ్చి పుట్టింది. అక్కడ సచ్చి పుట్టిన బిడ్డల్లో సగం మంది చావుకు కారణం సిఫిలిసే అని తేలింది. అదే ప్రాంతంలో కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేసి ఒక్క సూది వేసిన తల్లులకు? జబ్బు లేని తల్లులతో సమానంగా కాన్పులైనయి. ఒక్క సూది! ఇంతకన్నా రుజువు ఏం కావాలె?

నెత్తురు తీసుకొని మందియ్యనోళ్ల కథ

పరీక్ష చేసి మందియ్యకపోవడం ఎంత పెద్ద నేరమో చెప్పే కథ ఒకటుంది. అమెరికాలో అలబామా రాష్ట్రం, టస్కిగీ ఊరు. 1932లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ 600 మంది నల్లజాతి మగవాళ్లను పోగుచేసింది. చాలామంది కౌలు రైతులు, పేదలు. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉంది. జబ్బు పేరు వాళ్లకు చెప్పలేదు. "మీది చెడు రక్తం, ఉచితంగా వైద్యం చేస్తం" అన్నరు. వైద్యం చెయ్యలేదు. నెత్తురు తీసిండ్రు, వెన్నులో నీరు తీసిండ్రు, చచ్చినంక కోసి చూడ్డానికి పూడ్చే ఖర్చులిస్తం అన్నరు. పెన్సిలిన్ వచ్చింది. లోకమంతా వాడుతోంది. వీళ్లకు మాత్రం అందకుండ చూసిండ్రు. మగవాళ్లు పోయిండ్రు. భార్యలకు సోకింది. బిడ్డలు జబ్బుతో పుట్టిండ్రు. నలభై ఏండ్లు నడిచిన ఈ అన్యాయం 1972లో పత్రికలకెక్కితే ఆగింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పిండు.

చెడు రక్తం! మన దగ్గర కూడా "దాని నెత్తురే చెడ్డది" అంటరు గదా. మాట ఒక్కటే, మనుషులు ఒక్కటే. మా రిజిస్టర్లో నీలం సిరాతో రాసి మూసినోళ్లు టస్కిగీ డాక్టర్లంత దుర్మార్గులని మేం అనం. వాళ్లు కావాలని చెయ్యలేదు. నిర్లక్ష్యంగా చేసిండ్రు. కాని పూడ్చిపెట్టిన బిడ్డకు ఆ తేడా తెలుస్తదా?

అందరికీ చేస్తేనే పరీక్ష

కొందరు ఆఫీసర్లు అంటరు: "మన దేశంలో గర్భిణుల్లో ఇది నూటికి ఒకరికి కూడా లేదు. అందరికీ ఎందుకు? అనుమానం ఉన్నోళ్లకు చేస్తే సాలదా?"

మేం అడుగుతున్నం: అనుమానం ఎవరిమీద? జబ్బు బయటికి కనబడదని మీ పుస్తకాలే చెబుతున్నయి. మరి ఏం చూసి అనుమానిస్తరు? చీర చూసా, వాడ చూసా, కులం చూసా? పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో మన మాల మాదిగ ఆడపిల్లలను జోగిని పేరుతో దేవుడికి ఇడిచిపెట్టిండ్రు. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. పగలు ముట్టుకుంటే మైల అన్నోళ్లే రాత్రి వచ్చిండ్రు. జబ్బు మోసుకొచ్చినోళ్ల పేరు ఎక్కడా లేదు. జోగిని పేరు మాత్రం జబ్బుకు ఇంటిపేరైంది. అనుమానం అనేది ఎప్పుడూ కిందికే జారుతుంది. అది ఇప్పుడు మన గర్భిణుల మీద పడొద్దు.

అందుకే మా మాట ఇది. అందరికీ చేస్తే అది పరీక్ష. కొందరికే చేస్తే అది నింద. పటేలు కోడలు వేలు చాపినప్పుడు మన కోడలు వేలు చాపడానికి సిగ్గెందుకు? నెత్తురు తక్కువుందా అని చూసినట్టే, షుగరు చూసినట్టే ఇదీ చూడాలె. ఒక్కరిని కూడా వదలొద్దు. పైగా జబ్బు తక్కువగా ఉందంటే దాన్ని పూర్తిగా లేకుండ చెయ్యడం ఇంకా సులువన్నట్టు గదా!

పక్కనే ఉన్న శ్రీలంకను చూడండి. అక్కడ ఊరూరికీ ప్రభుత్వ మంత్రసానులు ఉంటరు. ఇంటికే పోయి గర్భిణిని నమోదు చేస్తరు. తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ, సిఫిలిస్ సోకకుండ ఆపిన దేశమని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను గుర్తించింది. అంతకుముందు 2016లో థాయిలాండ్, అందరికన్నా ముందు 2015లో క్యూబా. క్యూబా ఏమన్నా డబ్బున్న దేశమా? అమెరికా ఆంక్షల కింద నలిగిన చిన్న ద్వీపం. పైసలు కాదు, పట్టింపు కావాలె. వాళ్లకు పెట్టిన పరీక్ష కూడా చెబుతం: నూటికి 95 మంది గర్భిణులు దవాఖానకు చేరాలె, చేరినోళ్లలో 95 మందికి పరీక్ష జరగాలె, జబ్బున్నోళ్లలో 95 మందికి మందు పడాలె. మూడూ లెక్కిస్తరు. మనదగ్గర మొదటి రెండు లెక్కలు ఘనంగా చెప్పి మూడోది మింగితే ఒప్పుకోవద్దు.

మన దేశంలో కాగితం లేదా? ఉంది. పుట్టుకతో వచ్చే సిఫిలిస్‌ను నిర్మూలిస్తమని 2015లో కేంద్రం జాతీయ వ్యూహం అచ్చేసింది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులకు డాక్టర్ల పరీక్షలు జరపాలని పథకం పెట్టింది. అందులో ఈ పరీక్ష కూడా ఉంది. తల్లీబిడ్డ కార్డులో దీనికి గడి కూడా ఉంటుంది. గడి నిండిందా లేదా చూసుకునే పని మనది.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు మీద బాబాసాహెబ్ అంబేద్కర్ మాట్లాడిండ్రు. కాన్పుకు ముందు తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, ఆ భారం చాలావరకు సర్కారే మొయ్యాలె అన్నరు. ఆ మాటనే ఈ పట్టీకి, ఈ సూదికి కూడా మేం వర్తింపజేస్తున్నం. ఇది దయ కాదు, సర్కారు బాకీ.

సూది అంటే ఎవరికి భయం?

మా కోడలు కథ మిగిలింది. నాలుగోసారి నీళ్లోసుకున్నది. ఈసారి మూడో నెలలోనే తీసుకపోయినం. పట్టీ పరీక్ష, గీత కనబడ్డది. సూది వెయ్యమంటే స్టాకు లేదన్నరు. స్టాకు తెప్పించినంక, "రియాక్షన్ వస్తే మా మెడకు చుట్టుకుంటది, జిల్లాకు పొండి" అన్నరు. మేం గేటు దగ్గర కూసున్నం. కొట్లాటకు కాదు, కదలమని చెప్పడానికి.

నర్సమ్మల భయం వట్టిది కాదు. పెన్సిలిన్ పడనోళ్లు ఉంటరు. అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. కాని దానికి ఉపాయం సూది మానడం కాదు. ముందు అడగాలె: "ఎప్పుడన్నా పెన్సిలిన్‌తో దద్దుర్లు, ఆయాసం వచ్చిందా?" అని. ఎడ్రినలిన్ సీసా పక్కన పెట్టుకోవాలె. సూది వేసినంక అరగంట కూసోబెట్టాలె. నిజంగా పడనోళ్లను పెద్ద దవాఖానలో చేర్చి జాగ్రత్తగా ఇయ్యాలె. ఎడ్రినలిన్ ఇయ్యకుండ, నేర్పకుండ నర్సమ్మను ఒంటరిగా నిలబెట్టిన పైవాళ్లను అడగాలె. మన కొట్లాట నర్సమ్మతో కాదు, ఆమె చేతులు ఖాళీగా ఉంచినోళ్లతో.

మరుసటి రోజు డాక్టరే ముందుండి వేయించిండు. మందు పొడిగా ఉంటుంది. నీళ్లు కలిపి, లావు సూదితో నిదానంగా రెండు పిర్రలకు వేసిండ్రు. నొప్పికి ఆమె మా చెయ్యి పట్టుకొని నలిపేసింది. మూడు వారాలు, మూడు రోజులు. మూడుసార్లూ మేం పోయినం. ఆ రోజుల కూలి వాడోళ్లందరం చందా వేసుకొని ఇచ్చినం. మొగుడు మొదట ఎగిరిండు. "నేను మంచిగున్న, నాకెందుకు" అన్నడు. వాడ పెద్దమనిషి ఒక్కటే మాటన్నడు: "మూడు గుంటలు తవ్వినవు గదరా, నాలుగోది కూడా తవ్వుతవా?" పోయి సూది వేయించుకున్నడు. ఆ బిడ్డ ఇయ్యాల బడికి పోతంది.

ఇగ మనం చెయ్యాల్సినయి

మొదటిది. నెల తప్పిందని తెలిసినంక దాయొద్దు. మూడు నెలల లోపే ఆశక్క దగ్గర పేరు రాయించాలె. క్రిమి బిడ్డను పాడుచెయ్యకముందే మందు పడాలె. కాన్పుకు కనీసం నెల ముందైనా పడాలె. ఆలస్యమైందని మానొద్దు. ఎప్పుడు తెలిస్తే అప్పుడే వేయించాలె.

రెండోది. కార్డు తెరిచి సిఫిలిస్ గడి చూడాలె. చదువురానోళ్లకు బడిపిల్లలు చూసి చెప్పాలె. గడి ఖాళీగా ఉంటే ఇంటికి రావొద్దు. ఫలితం అదే రోజు చెప్పమనాలె. ఏడో ఎనిమిదో నెలలో ఇంకోసారి చెయ్యమని అడగాలె. మధ్యలో కూడా జబ్బు సోకొచ్చు.

మూడోది. ఫలితం చాటుగా చెప్పాలె. వరుసలో నిలబడ్డోళ్ల ముందు అరిచి చెప్పడం, కార్డుమీద ఎర్రసిరాతో గీతలు కొట్టడం కుదరదు. ఒక్కసారి పరువు పోతే ఇంకో పది మంది పరీక్షకు రారు.

నాలుగోది మగవాళ్లకు. అన్నలారా, వినండి. మీరు మందు వేయించుకోకపోతే ఆమెకు పడ్డ మందు నిష్ఫలం. జబ్బు మళ్లీ ఆమెకే వస్తుంది. ఎవరి నుంచి ఎవరికి అని పంచాయతీ పెట్టొద్దు. ఈ విషయంమీద పెండ్లాం మీద చెయ్యెత్తినోడిని వాడ నిలదియ్యాలె.

ఐదోది. వలసపోయేవాళ్లు బండెక్కకముందే పరీక్ష చేయించుకోవాలె. కార్డు బట్టల మూటలో కాదు, ఒంటిమీద పెట్టుకోవాలె. మూడు సూదుల్లో ఎన్ని పడ్డయో తేదీలతో రాయించాలె. అక్కడి దవాఖానలో అది చూపి మిగతావి వేయించుకోవచ్చు.

ఆరోది. సూది పడ్డ రోజు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. భయపడొద్దు. కడుపులో నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినా ఆలస్యం చెయ్యకుండ దవాఖానకు పోవాలె. బిడ్డ పుట్టినంక డాక్టరుకు చూపాలె. అవసరమైతే బిడ్డకూ పది రోజుల మందు ఉంటుంది.

ఏడోది కార్యకర్తలకు. మీ దవాఖానలో మూడు వస్తువులు అడగండి: పట్టీలు, బెంజాథిన్ పెన్సిలిన్, ఎడ్రినలిన్. ఎన్ని ఉన్నయి, తారీఖు దాటిందా, కిందటి ఏడాది ఎన్ని రోజులు స్టాకు లేదు? నోటితో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. ఎంతమందికి పరీక్ష చేసిండ్రని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. గీత కనబడ్డోళ్లలో ఎంతమందికి సూది పడింది, ఎన్ని రోజులకు పడింది అని అడగండి.

చివరిది. సచ్చి పుట్టిన బిడ్డను కూడా రాయించాలె. 1969 నాటి జనన మరణాల చట్టం ప్రకారం ఆ బిడ్డకూ రిజిస్టర్లో చోటుంది. ఆ తల్లికి పరీక్ష జరిగిందా అని వెతకాలె, జరగకపోతే అప్పుడైనా చేయించాలె. దిష్టి అని, గాలి అని, ఖర్మ అని పూడ్చిపెడితే కారణం కూడా బిడ్డతో పాటే మట్టిలో పోతుంది. వచ్చే కాన్పుకు మళ్లీ అదే కారణం తలుపు తడుతుంది.

అక్కలారా! పొద్దున చెయ్యెత్తనోళ్లను మేం తప్పుపట్టడం లేదు. సిగ్గు మనది కాదు, మన నెత్తిన పెట్టిండ్రు. రేపు మీ ఊర్లకు పోయినంక, కడుపుతో ఉన్న ఒక్క ఆడబిడ్డ కార్డు తెరిచి చూడండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆమె చెయ్యి పట్టుకొని దవాఖానకు పొండి. నెత్తురు తీసిన చోటే, తీసిన రోజే, సూది కూడా వెయ్యమని అడగండి. వేసేదాకా అక్కడే కూసోండి.